ఐదో గొంతు

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో మా ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో ఎర్ర ఇటుకల చర్చి ఒకటుంది. దాని పక్కన సమాధులు, సమాధుల పక్కన పార్కింగ్. శనివారం మధ్యాహ్నం ఆ రాళ్ళకు ఎదురుగా కారు ఆపి, లోపలికి వెళ్ళి, నాలుగు వందల ఏళ్ళ కిందట పోయిన ఒక మనిషి కట్టిన పాటలు పాడి వస్తుంటాను. గుళ్ళో కలిసే స్నేహితురాళ్ళు "ఏంటి, మతం పుచ్చుకున్నావా?" అని ఆటపట్టించారు. వాళ్ళిచ్చే కాఫీ తప్ప నేను పుచ్చుకున్నదేమీ లేదు. అదీ నీళ్ళ కాఫీ.

నన్ను అక్కడికి లాక్కెళ్ళింది మా ఆఫీసులో పక్క సీటావిడ. ఇద్దరం ఒక మందుల కంపెనీలో డేటా సరిచూసే పని చేస్తాం. తమ బృందంలో ఆడవాళ్ళ కింది గొంతులు, వాళ్ళ భాషలో ఆల్టోలు, తక్కువయ్యాయని, వచ్చి కూర్చుంటే చాలని అంది. నేను పాడనన్నాను. "ఎప్పుడూ పాడలేదా?" అని అడిగింది. అబద్ధం చెప్పబోయి చెప్పలేకపోయాను. అప్పటికి మా అమ్మ పోయి ఎనిమిది నెలలు. శనివారాలు మావారు క్రికెట్‌కి వెళ్ళిపోతే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అది వింటూ కూర్చోవడం కన్నా ఎవరి దేవుడి ముందైనా కూర్చోవడం నయమనిపించింది.

మొదటి రోజే ఆ కుర్చీ నా కంట పడింది. మేం పద్దెనిమిది మందిమి అర్ధచంద్రాకారంలో కూర్చుంటాం. నా ఎడమ పక్కన, ఆల్టోలకూ మగవాళ్ళకూ మధ్య, ఒక కుర్చీ ఖాళీ. దాని ముందు స్టాండు, స్టాండు మీద తెరిచి పెట్టిన పుస్తకం. ఎవరో ఆలస్యంగా వస్తారు కాబోలనుకున్నాను. గంటయినా ఎవరూ రాలేదు. కొంచెం వంగి పుస్తకంలోకి చూశాను. పేజీ నిండా గీతలున్నాయి గాని గీతల మీద ఒక్క స్వరం కూడా రాసి లేదు.

బృందాన్ని నడిపే పెద్దావిడ నేను చూడటం గమనించారు. డెబ్బై దాటిన మనిషి, స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేసి రిటైరయ్యారు, మాట నెమ్మది.

"అది ఆయన సీటు" అన్నారు.

కాఫీ దగ్గర ఆయన సంగతి చెప్పారు. పేరు చెప్పినా మనకు తెలిసేది కాదు, అక్కడి వాళ్ళకే తెలియదు. స్పెయిన్‌లో ఒక కొండ ఊరి పెద్ద చర్చిలో ఎనిమిదేళ్ళ వయసులో పాడటానికి చేరాడట. ముసలివాడై పోయేదాకా ఆ గోడలు దాటలేదు. పాటలు కట్టడం, పిల్లలకు నేర్పడం, రాకపోతే కొట్టడం అన్నీ ఆయనే. ప్లేగు వచ్చిన ఏడాది బృందంలో సగం మంది పోయారు. పోయినవాళ్ళ కోసం, మిగిలినవాళ్ళ చేత పాడించడానికి, ఐదు గొంతులకు ఒక పాట కట్టాడు. ఆ రోజుల్లో ఐదు వరసలూ ఒకే కాగితం మీద రాసేవారు కాదు. ఒక్కో గొంతుకు ఒక్కో పుస్తకం. పక్కవాడు ఏం పాడబోతున్నాడో చెవితో వినాల్సిందే, కంటికి కనపడదు. ఆ పాటకు నాలుగు పుస్తకాలే దొరికాయి. ఐదోది లేదు. ఐదో గొంతు ఆయనే పాడుకునేవాడని మిగిలిన పుస్తకాల్లో ఒకదాని చివర ఎవరో రాసి పెట్టారట.

"దాన్ని ఊహించి నింపొచ్చు కదా" అన్నాను. డేటా మనిషిని, ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

"చాలామంది నింపారు. నేను పాడించను. లేనిది లేనట్టే ఉండాలి" అన్నారావిడ.

తరవాత కప్పు కడుగుతూ, ఏదో తమాషా అన్నట్టు, ఇంకో ముక్క చెప్పారు. ఆయన పోయాక ఏడాది పాటు ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంచారట. కొన్నాళ్ళకు పాడేవాళ్ళంతా కలిసి పెద్దలకు అర్జీ పెట్టుకున్నారట: ఆ చోట ఎవరినైనా నిలబెట్టండి, లేదా మమ్మల్ని ఇంకో చోటికి మార్చండి, అక్కడి నుంచి గొంతు వినిపిస్తోంది అని. "కథే లే, ఆధారం లేదు" అన్నారు. ఆధారం లేని కథ చెప్పి నన్ను మళ్ళీ ఆ కుర్చీ పక్కనే కూర్చోబెట్టారు. ఆవిడకు తమాషాగానే ఉండి ఉంటుంది. నాకు మాత్రం కాదు. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మ కాకినాడలో సంగీతం చెప్పేది. వెనక వరండాలో చాప, ఎనిమిదిమంది ఆడపిల్లలం, ఒకటే తంబురా. దానికీ ఎప్పుడూ ఒక తీగ తెగే ఉండేది. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళం పెదాలు మూసి, గొంతులోనే షడ్జమం, ఆ ఒక్క 'స', పట్టుకోవాలి.

"నీ వంతు కాకపోతే ఊరికే కూర్చోడం కాదే, శ్రుతి పట్టుకోవాలి. శ్రుతి తల్లి, లయ తండ్రి. తల్లిని వదిలేసి ఎక్కడికెళ్తావ్?" అనేది. వదిలితే చేతిలో విసనకర్ర మోకాలి మీద పడేది.

ఏడేళ్ళు ఆ చాప మీద కూర్చున్నాను. ఏడేళ్ళలో నా శ్రుతి బాగుందని అమ్మ ఒక్కసారీ అనలేదు. పక్కింటి పిల్లతో ఆ మాట అంది. ఆ పిల్లకు తోడుగా వచ్చి అరుగు మీద కూర్చునే వాళ్ళ నాయనమ్మతో కూడా అంది. నాతో అనలేదు. పంతొమ్మిదో ఏట ఒక చిన్న సభలో పాడి దిగాక, పదిమంది ముందూ, "పాఠం వచ్చింది, శ్రుతి ఎప్పుడొస్తుందో చూడాలి" అంది. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి ఇక పాడనన్నాను. అమ్మ బతిమాలలేదు. ఆవిడ పంతం ఆవిడది, నా పంతం నాది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు పేరంటాల్లో కూడా నోరు విప్పలేదు.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. కింద, వంటింటిని ఆనుకుని ఉన్న గది ఆవిడకిచ్చాం. వినికిడి తగ్గిందని రెండు చెవులకీ మిషన్లు పెట్టించాం. పెట్టించిన నెలకే మొదలైంది. ఒక మధ్యాహ్నం నేను గిన్నెలు కడుగుతుంటే గదిలోంచి పిలిచింది.

"ఎవరే పాడేది?"

"ఎవరూ లేరమ్మా."

"గోడలోంచి వస్తోందే. షడ్జమం పట్టుకున్నారెవరో."

కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆ గదిలోకి వెళ్ళి గోడకి చెవి ఆనించాను. ఏమీ లేదు. "ఇప్పుడు వినిపిస్తోందా?" అన్నాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వొస్తే ఆగిపోతుంది" అంది.

ఆ ఇల్లు కట్టి పట్టుమని పన్నెండేళ్ళు కాలేదు, మాకన్నా ముందు ఎవరూ ఉండలేదు, అట్టముక్కల్లాంటి గోడలు. వాటిలో ఎవరుంటారు? అయినా ఆ తరవాత వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ గోడకేసి చూడకుండా పని చేసుకోవడం అలవాటు చేసుకున్నాను. అమ్మ మాత్రం భయపడలేదు. పక్కింటివాళ్ళ కబురు చెప్పినట్టు చెప్పేది. "ఇవాళ పెందలాడే మొదలెట్టారు." "నిన్న పంచమం కూడా పట్టారు." ఒకసారి కళ్ళు మూసుకుని, వేలితో దుప్పటి మీద తాళం వేస్తూ, "ఎవరో గానీ, శ్రుతి మాత్రం దివ్యంగా ఉందే" అంది. నాకు చెడ్డ కోపం వచ్చింది. నాకు దక్కని మెప్పు లేని మనిషికి దక్కింది. "ఎవరూ లేరని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అని అరిచాను.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, మా అమ్మకు లేని పాటలు వినిపిస్తున్నాయని చెప్పాను. చెవులు తగ్గినవాళ్ళలో కొందరికి అలా అవుతుందని, మతి తప్పడానికి మొదలు కూడా కావచ్చని ఆయన అన్నారు. చిన్న తెల్ల మాత్ర రాశారు, పూటకొకటి. నేనే నోట్లో వేసి నీళ్ళు పట్టేదాన్ని. రెండు వారాల్లో గోడలో పాట మాట ఎత్తడం మానేసింది. దానితో పాటు పేపరు చదవడం, నా వంటకు వంకలు పెట్టడం, వేలితో తాళం వేయడం కూడా మానేసింది. కిటికీ వైపు తిరిగి పడుకునేది. "ఇంకా వినిపిస్తోందా అమ్మా?" అంటే "లేదులే" అనేది. అలా ఏడాదిన్నర ఉండి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి నాకున్న భయం ఒక్కటే. తల్లిని చూసి పిల్లని చేసుకోమంటారు. జబ్బులు కూడా ఆ సామెత ప్రకారమే వస్తాయి. లేని పాట నాకు వినిపించిన రోజున నా కథ కూడా ఆ కిటికీ వైపు తిరిగినట్టే.

నాలుగో శనివారం వినిపించింది.

ఆ రోజు ఐదు గొంతుల పాటను నాలుగు గొంతులతో మొదటిసారి చివరిదాకా పాడాం. పెద్దావిడ మొదటి స్వరం అందిస్తారు. అందించగానే నా చెవికి అదే షడ్జమమైపోతుంది, చిన్నప్పటి చెవి మరి. ముందు మగవాళ్ళు, తరవాత మేం, పైన సోప్రానోలు. నడుమ ఒకచోట ఆల్టోలం ఆగాలి, పన్నెండు లెక్కల పాటు మాకు పనిలేదు. పైన ఆడగొంతులు, కింద మగగొంతులు, మధ్యలో నూతిలాగా ఖాళీ. ఆ ఖాళీలో, నా ఎడమవైపు నుంచి, సన్నగా, పెదాలు మూసుకున్నట్టు ఒక గొంతు వచ్చింది. మాటల్లేవు. ఒకటే స్వరం, కదలకుండా. తక్కిన గొంతులన్నీ ఎక్కడెక్కడో తిరిగి దాని దగ్గరికే వస్తున్నాయి.

తల తిప్పి కుర్చీ వైపు చూశాను. ఆగిపోయింది. మా వంతు వచ్చింది, నేను అందుకోలేకపోయాను.

తరవాత కారులో కూర్చుని చాలాసేపు సమాధులకేసి చూశాను. ఎండ బాగా ఉంది. ఒకాయన గడ్డి కోసే మిషన్‌తో రాళ్ళ చుట్టూ జాగ్రత్తగా కోస్తున్నాడు. ఇంత మామూలు మధ్యాహ్నం పూట మనిషికి మతి పోతుందా అనుకున్నాను. అమ్మకూ మధ్యాహ్నమే మొదలైంది.

ప్రతి వారమూ అదే. అది వినిపించినప్పుడల్లా కాగితం మీద పెన్సిల్‌తో చుక్క పెట్టాను. నెల తిరిగేసరికి పదకొండు చుక్కలు, అన్నీ ఆల్టోలు ఆగిన చోటే. మేం పాడుతుండగా ఒక్కసారీ రాలేదు. నేను తల తిప్పితే ఉండదు. చెవి పరీక్షకు వెళ్ళాను. ఎడమ చెవి కొంచెం తగ్గిందని, ఆ చెవికి బయటి చప్పుడు తగ్గి ఒంటి లోపలి చప్పుళ్ళు పెద్దవిగా వినిపిస్తాయని పరీక్ష చేసిన అమ్మాయి చెప్పింది. అది నాకు తెలుసు, ఆ వైపు జంతిక నమిలితే రోడ్డు రోలర్ వెళ్ళినట్టుంటుంది. ఫారంలో, లేని శబ్దాలు వినిపిస్తాయా అన్నచోట, కాదని టిక్ పెట్టాను. అమ్మ ఫారంలో అవునని పెట్టిన చెయ్యే అది.

ఒక శనివారం ఆ పన్నెండు లెక్కల్లో పక్క సీటావిడ నాకేసి ఓరగా చూసింది. కాఫీ దగ్గర పట్టుకున్నాను.

"నీకు కూడా వినిపిస్తోందా?"

ఆవిడ ఇబ్బందిగా నవ్వింది. "వినిపిస్తోంది. పరవాలేదు, బాగానే ఉంది. ఎవరికీ అభ్యంతరం లేదు."

"ఎవరికీ అంటే?"

"అందరికీ వినిపిస్తుంది కదా, నువ్వొచ్చిన మొదటి వారం నుంచీ" అని బిస్కెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

పద్దెనిమిది మంది ఒక పోయిన మనిషి గొంతు వింటూ, పైకి అనకుండా, కాఫీ తాగుతున్నారు. వీళ్ళ మర్యాద నాకు కొత్త కాదు. పక్కవాడి చొక్కాకి నిప్పంటుకున్నా, చెబితే నొచ్చుకుంటాడేమోనని ఆగే మనుషులు. కానీ ఇది చొక్కా కాదు. వచ్చే వారం మానేద్దామనుకున్నాను. మానేస్తే నిజమేదో ఎప్పటికీ తెలియదని మళ్ళీ వెళ్ళాను.

చర్చిలో మా బృందం కచేరీకి రెండు వారాల ముందు పెద్దావిడ ఫోన్‌లో రికార్డ్ చేసి అందరికీ పంపారు. పార్కింగ్‌లోనే, కారు అద్దాలు ఎత్తుకుని పెట్టుకున్నాను. ఆల్టోలం ఆగిన చోటుకి వచ్చింది. ఉంది. స్పష్టంగా ఉంది. ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఫోన్‌కి మతి తప్పదు కదా. అమ్మలా కాలేదు నేను, నా చెవి మంచిదే. రెండోసారి పెట్టుకున్నాను. మూడోసారి పెట్టేసరికి సంతోషం దిగిపోయింది. నేను పిచ్చిదాన్ని కాకపోతే, మరి ఆ కుర్చీలో ఉన్నదెవరు? కారు తలుపులు లాక్ చేసుకుని, అద్దంలో వెనక సీటు చూడకుండా ఇంటికొచ్చాను.

మావారు వంటింట్లో నిలబడి బీరకాయ చెక్కు తీస్తున్నారు. ఫోన్ ఆయన ముందు పెట్టి వినిపించాను.

"బాగుందే" అన్నారు.

"అది కాదండీ. ఇదిగో, ఇక్కడ. ఇదెవరు?"

"ఎవరేంటి, నువ్వేగా."

ఆయన చెక్కు తీస్తూనే ఉన్నారు.

"పొద్దస్తమానం నువ్వు గొంతులో అనేదేగా, గిన్నెలు కడుగుతూ, కూరలు తరుగుతూ. పెళ్ళయినప్పట్నుంచీ వింటున్నా. నీకు తెలీదా?"

"తెలీదు."

"నేనొస్తే ఆపేస్తావు. సిగ్గేమోలే అని నేనూ అడగలా."

"మరి అమ్మ చెప్పినప్పుడు మీకు తట్టలేదా?"

"నేను ఆఫీస్‌లో ఉండేవాణ్ణి. అత్తయ్యకి పాటలు వినిపిస్తున్నాయని నువ్వేగా చెప్పావు. పాటలంటే పాటలే అనుకున్నా. ఇది పాట కాదు కదా."

ఇది పాట కాదు. నేను పాట మానేశాను, శ్రుతి మానలేదు. పంతం పట్టి నోరు మూసుకున్నాను, అమ్మ నేర్పిందేమో నోరు మూసుకుని చేసేది. నా వంతు కానప్పుడల్లా గొంతు దానంతట అది షడ్జమం పట్టుకుంటూ వచ్చింది, ముప్ఫై ఏళ్ళు, వంటింట్లో, చివరికి చర్చిలో. అమ్మ పిలిచినప్పుడు కుళాయి కట్టేసి, గొంతు కట్టేసి, గోడకి చెవి ఆనించి వెతికాను. నువ్వొస్తే ఆగిపోతుందని అమ్మ నా మొహం మీదే చెప్పింది. ఆ ఇంట్లో సరిగ్గా విన్న మనిషి ఆవిడొక్కతే. ఆ మనిషి నోట్లో పూటకొక మాత్ర వేశాను. మాత్రలు నా గొంతునైతే ఆపలేదు, నేను అంటూనే ఉండి ఉంటాను. "లేదులే" అన్నప్పుడు కూడా ఆవిడ వింటూనే ఉందేమో. ఆ రోజు అమ్మ గదిలో నేల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతో కాదు.

తరవాతి శనివారం పెద్దావిడతో చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోయారు, నాకు తెలియదన్నందుకు.

"మీ సంప్రదాయం అనుకున్నాను. ఆయన కూడా దాదాపు అదే పాడి ఉంటాడు, కదలని స్వరం. ఆపకు" అన్నారు.

"లేనిది లేనట్టే ఉండాలన్నారు కదా?"

"నేనెవరినీ కూర్చోబెట్టలేదు. అదే వచ్చి కూర్చుంది."

కచేరీ రోజున ఆ పన్నెండు లెక్కలు వచ్చాయి. తెలిసి పట్టుకోబోయాను. గొంతు రాలేదు. పక్క సీటావిడ ఎదురుచూసింది, పెద్దావిడ ఎదురుచూశారు. ఖాళీ ఖాళీగానే గడిచిపోయింది. నా ఎడమ పక్కన కుర్చీ, గీతల పుస్తకం. ఆ కుర్చీ అంటే భయం పోయింది, కానీ ఆ చోట అంత చలి అంతకు ముందెప్పుడూ తెలియలేదు.

రెండు మూడు వారాలు ఇంట్లో కూడా అంతే. చేతులు పనిలో ఉన్నా చెవి నా మీదే కాపలా కాసేది. అలా కనిపెట్టుకుని ఉంటే అది రాదు. విసుగొచ్చి ఒదిలేశాను. నిన్న సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఆఫీసులో ఎవరిమీదో కోపం తలుచుకుంటున్నాను. వెనక్కి తిరిగితే మావారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఎప్పటి నుంచి ఉన్నారో.

"ఇప్పుడన్నానా?" అన్నాను.

"అన్నావు."

కుళాయి కట్టేశాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "శ్రుతి ఉందా?"

"నాకేం తెలుసు? మీ అమ్మనడగాలి" అన్నారు. అని, నాలిక్కరుచుకున్నారు.

"అడగక్కర్లేదండీ, చెప్పింది" అన్నాను.